బండి వణుకు

ఆ వానాకాలమంతా మా ఇంట్లో బండి వణుకు గురించే మాట్లాడుకున్నాం. అమ్మ పొయ్యి దగ్గర నిలబడి, నాయిన బానెట్ మీద వంగి, నేను ముందు సీట్లో కూర్చుని.

మాది నార్సింగి. చుట్టూ అద్దాల మేడలు లేచినా మా గల్లీ మాత్రం గల్లీలాగే మిగిలింది. బండి బయటికి తీయాలంటే నాయిన వెనకాముందు ఆడించి ఆడించి తీయాలి, పక్కింటి కిష్టమ్మవ్వ తన మేకపిల్లను లోపలికి గుంజుకోవాలి. తెల్ల డీజిల్ బండి, పాతది. నాయిన పేరు లింగమూర్తి. పొద్దున రసజ్ఞ మేడమ్‌ను, ప్రియదర్శిని మేడమ్‌ను వాళ్ళ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఎక్కించుకుని ఆఫీసుల్లో దింపేవాడు, సాయంత్రం మళ్ళీ తెచ్చేవాడు. నెల బేరం. ముందు సీటు నాది. నేను రాయదుర్గంలో ఒక కంపెనీలో బిల్లులు సరిచూసేదాన్ని. కాంట్రాక్టు నౌకరి, ఎప్పుడు వద్దంటారో తెలియదు. ఇల్లు నడిచేది బండి మీదనే. అయినా మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే కాబట్టి, మొదటి సిగ్నల్ దాటకముందే నాయిన ఆ సంగతి ఎత్తేవాడు.

"మా యశస్విని. డిగ్రీ. ఫస్ట్ క్లాస్."

"నాయినా, రోజూ చెప్తున్నవ్ వాళ్ళకు."

"రోజు చెప్తే ఏమైతది? వార్తలు రోజు ఇంటలేరా?"

వెనక సీట్లో ఇద్దరూ నవ్వేవాళ్ళు.

వానలు మొదలైన కొద్దిరోజులకే వణుకు ఎక్కువైంది. నడుస్తున్నప్పుడు అంత తెలిసేది కాదు. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, చలిజ్వరం పట్టినట్టు బండి మొత్తం వణికేది. కిటికీ అద్దాలు గలగలమనేవి. డాష్‌బోర్డు మీది చిన్న వినాయకుడు తల ఊపుతూనే ఉండేవాడు. గేర్ రాడ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. దాని మీద ఎడమ చెయ్యి వేసి కూర్చోవడం నాయినకు ఎన్నో ఏళ్ళ అలవాటు. రాడ్‌తో పాటు ఆ చెయ్యి కూడా ఊగేది. క్లచ్ వదిలినప్పుడల్లా కింద ఎక్కడో ధడ్‌మని ఒక దెబ్బ.

రసజ్ఞ మేడమ్‌ది కాకినాడ. అప్పటికి ఆవిడ కడుపుతో ఉన్నది, పొట్ట అప్పుడప్పుడే తెలుస్తున్నది. ఒకరోజు గచ్చిబౌలి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వెనక నుంచి మెల్లగా అన్నది.

"అంకుల్, ఏమీ అనుకోకండి. కుదుపులు తగలకూడదన్నారండి డాక్టరు. బండి ఆగినా కూడా నాకు వణుకు ఆగట్లేదు."

"బేబీకి ఇప్పటినుంచే వైబ్రేషన్ మోడ్ అలవాటైతది, మంచిదే," అన్నది ప్రియదర్శిని మేడమ్. ఆమెది ఈ ఊరే, దేనికైనా నవ్వుతుంది.

"పాత బండి గదమ్మా," అన్నాడు నాయిన. "డీజిల్ బండ్లు గిట్లనే ఉంటయ్."

ఆఫీసు ముందు దిగేటప్పుడు రసజ్ఞ మేడమ్ నా కిటికీ దగ్గరికి వంగింది. "యశూ, నువ్వే చెప్పు మీ నాన్నగారికి. వేరే క్యాబ్ మాట్లాడేస్తానని మావారు ఒకటే గొడవ. నాకేమో అంకుల్ అయితేనే ధైర్యం. లైటు పసుపు పడగానే ఆపే మనిషి ఈ ఊళ్ళో ఇంకెవరున్నారు?"

ఇంటికొచ్చి చెప్పాను. నాయిన విననట్టే అంగీ విప్పుతూ నిలబడ్డాడు. అమ్మ వచ్చి గుండీలు తీసింది. తర్వాత చాయ్ పోసింది. ఆ మధ్య అమ్మ నాయినకు సగం గ్లాసే పోసేది. అది తాగినాక ఇంకో సగం. పాలు తక్కువున్నాయేమో అనుకునేదాన్ని. నా గ్లాసు మాత్రం నిండుగానే ఉండేది.

"బండి చేపిద్దాం నాయినా," అన్నాను.

"బండి సంగతి మీ నాయినకు ఎర్కలేదా? నువ్వు ఊకో," అన్నది అమ్మ. నాకు ఆశ్చర్యమేసింది. మా అమ్మ సక్కుబాయి జన్మలో ఎప్పుడూ బండి విషయంలో నాయిన దిక్కు మాట్లాడలేదు.

నేను ఊకోలేదు. ఆదివారం పట్టుబట్టి నాయినను మంచిరేవుల తోవలో ఉన్న బుల్లిబాబు షెడ్డుకు తీసుకపోయాను. బుల్లిబాబుది రాజోలు దిక్కు. చేతులు ఎంత నడుస్తాయో నోరు అంతకంటే ఎక్కువ నడుస్తుంది. బానెట్ లేపి నాయినను లోపలే కూర్చోబెట్టాడు.

"అన్నగారూ, బ్రేకు గట్టిగా తొక్కిపట్టండి. ఫస్టు గేరెయ్యండి. క్లచ్చి కాస్త వదలండి. ఆఁ. ఇప్పుడు రివర్సు."

ఇంజన్ పలుపు తెంపుకోబోయే దూడలా ఒకసారి ఇటు, ఒకసారి అటు ఎగిరింది.

"చూశారాండి అమ్మాయిగారూ? ఇంజన్ని పట్టుకునుండేవి మూడు ఫౌండేషన్లండి. ఇంజన్ పక్కన ఒకటి, గేరుబాక్సు పక్కన ఒకటి, వెనక కిందన ఒకటి. ఇనుము మధ్యన రబ్బరు ఉంటుంది. ఆ రబ్బరు బాగుంటే ఇంజన్ వణుకు ఇంజన్ దగ్గరే ఆగిపోతుంది. మీదాకా రాదు. ఇప్పుడు రబ్బరు చచ్చిపోయి కూర్చుంది."

"మూడూ మార్చేయ్," అన్నాను.

"ఒకటి మార్చు," అన్నాడు నాయిన. "బాగ ఖరాబైనదొక్కటి."

నాయిన ఎప్పుడూ అంతే. ఒక టైరు, ఒక వైపర్, ఒక బల్బు. అడ్డా మీద బండ్లు నడిపేవాళ్ళందరి పద్ధతీ అదే. ఏది పూర్తిగా చస్తే దాన్ని మార్చాలి, తక్కినవి చచ్చేదాకా నడపాలి. బుల్లిబాబు గొణుక్కుంటూనే ఇంజన్ పక్కది ఒకటి మార్చాడు.

వణుకు తగ్గలేదు, పెరిగింది. మర్నాడు సిగ్నల్ దగ్గర ప్రియదర్శిని మేడమ్ చేతిలోని లిప్‌స్టిక్ బుగ్గ మీదికి పోయింది. సాయంత్రం షెడ్డు ముందు బండి ఆపితే బుల్లిబాబు దిగనైనా దిగనివ్వలేదు.

"నే చెప్పలేదాండి? ముగ్గురు మోసే పల్లకీ ఇది. ఒక్కడికి కొత్త కాళ్ళొచ్చి వాడు నిటారుగా నిలబడితే, కుంటుతున్న ఇద్దరి మీదా బరువు పడదాండీ?"

"పాత బండికి చెయ్యి పెడితే గిట్లనే అయితది," అన్నాడు నాయిన. "ఇగ ఇడిసిపెట్టు. నడిచినన్ని దినాలు నడుస్తది."

నాకు కోపమొచ్చింది. నాయినకు మాత్రం రాలేదు. ఏదో గండం దాటినట్టు హాయిగా ఊపిరి తీసుకున్నాడు. ఎందుకో నాకు అంతుపట్టలేదు.

రెండు వారాలు గడిచాయి. బోనాల పండుగ ముందర రసజ్ఞ మేడమ్ భర్త ఉదయ్ భాస్కర్ స్వయంగా గేటు దగ్గరికి వచ్చాడు. మర్యాదస్తుడు. "లింగమూర్తి గారూ, మీ మీద కంప్లైంటేమీ లేదండి. ఈ బండే... వచ్చే నెల నుంచి ఇంకొకరిని చూసుకుంటామండి, డెలివరీ అయ్యేదాకా." ఆవిడ పోతే ప్రియదర్శిని మేడమ్ ఒక్కతే మొత్తం కిరాయి కట్టుకోదు. బేరం మొత్తం పోయినట్టే. ఆ ఆదివారం నాయినను అడగలేదు, తాళంచెవులు తీసుకుని ముందు నడిచాను. వెనకాల ఆయన వచ్చాడు.

వాన పడుతున్నది. షెడ్డు రేకుల మీద ఒకటే మోత. తక్కిన రెండూ మార్చేయమన్నాను. బుల్లిబాబు ఇంజన్ కింద జాకీ పెట్టి, జాకీకీ ఇంజన్‌కీ మధ్య చెక్కముక్క దూర్చి, బరువు దాని మీదికి తెచ్చాడు. బోల్టులు తుప్పుపట్టి కదలలేదు. నూనె పోసి, సుత్తితో కొట్టి, వాళ్ళ ఊరి దేవతలందరినీ తిట్టి విప్పాడు. గేరుబాక్సు దిక్కుది బయటికి తీస్తే రబ్బరు ఎండిన చెరువు మట్టిలా పగుళ్ళిచ్చి ఉంది. పగులులో నా వేలు దూరింది.

"దీంతో ఎలా నడిపారండి బాబూ! అన్నగారూ, లైటు కాస్త ఇటు... ఇటండీ... కదపకండి."

"కండ్లు గుంజుతున్నయ్. నువ్వు పట్టుకో బిడ్డా," అని నాయిన టార్చిలైటు నాకిచ్చాడు.

చివరి బోల్టు బిగించేసరికి వాన కొంచెం తగ్గింది. నాయిన లోపల కూర్చుని తాళం తిప్పాడు. నేను నా సీట్లో కూర్చున్నాను. ఇంజన్ నడుస్తున్నదని చెవి పెట్టి వింటే తప్ప తెలియలేదు. వినాయకుడు తల ఊపడం మానేశాడు. అద్దం మీద వాన చుక్క ఎక్కడిదక్కడే నిలిచింది. బుల్లిబాబు బానెట్ మీద అరచెయ్యి పెట్టి, ఎవరో సన్మానం చేసినట్టు మొహం పెట్టాడు.

అప్పుడు చూశాను.

"బుల్లిబాబూ, గేర్ రాడ్ ఇంకా వణుకుతున్నది."

"వణకదండీ."

"చూడు నువ్వే."

నా దిక్కు వచ్చి కిటికీలోంచి లోపలికి వంగాడు. నాయిన చెయ్యి తీశాడు. బుల్లిబాబు రాడ్ పట్టుకున్నాడు. అది నాటిన రాయిలా కదలకుండా ఉంది. ఇంజన్ రేజ్ చెయ్యమన్నాడు, చేసినా కదల్లేదు. "ఏదండీ మరి?" అంటూ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నాయిన అలవాటు ప్రకారం మళ్ళీ రాడ్ మీద చెయ్యి వేశాడు.

రాడ్ వణికింది.

బుల్లిబాబు దాన్ని చూశాడు. తర్వాత తన చేతిలోని గుడ్డను చూసుకున్నాడు.

"కొత్త రబ్బర్లు కదండీ," అన్నాడు ఆఖరికి. "సర్దుకోవాలి."

"ఆఁ. సర్దుకోవాలె," అన్నాడు నాయిన. ఎడమ చెయ్యి తీసి స్టీరింగ్ మీద పెట్టాడు, దాని మీద కుడిచెయ్యి పెట్టాడు.

ఇంట్లో అమ్మ సగం గ్లాసు చాయ్ పోసింది. నేను ఆ గ్లాసునే చూస్తూ నిలబడితే అమ్మ నన్ను చూసి పొయ్యి దిక్కు తిరిగింది.

"ఎప్పటినుంచమ్మా?"

"పోయిన దసర కాడికెల్లి." గిన్నె మీద మూత పెట్టి మళ్ళీ అన్నది, "బండి వణికినన్ని దినాలు ఎవలకు ఎర్క కాకపాయె. గది బాగైతె ఏమైతదో అనే మీ నాయిన పరేషాన్."

దవాఖానలో డాక్టరు నాయినను నడిపించి చూశాడు. బొటనవేలికి చూపుడువేలు తాకిస్తూ ఉండమన్నాడు, చెయ్యి తిప్పమన్నాడు. జబ్బుకు ఒక పొడుగాటి పేరు చెప్పాడు. ఆ పేరు నాయిన ఒక్కసారి కూడా పలకలేదు. వణుకుడు బీమారి అనేవాడు, అంతే.

"పోయేది కాదు. మందులు వాడుతుంటే కొన్నాళ్ళు అదుపులో ఉంటుంది. డ్రైవింగ్ చేస్తున్నారా? చెయ్యి కంటే కాలు ముఖ్యం. బ్రేకు తొక్కాలని తలకాయ చెప్పినా కాలు ఆలస్యంగా వింటుంది. మానేయడం మంచిది."

నాయిన కుర్చీ అంచున కూర్చున్నాడు. "సార్, దీనికి మార్చెటిదేమన్న ఉంటదా?"

"మార్చడమంటే?"

"ఏం లే సార్."

అయినా మానలేదు. "మేడమ్ కాన్పుకు కాకినాడ పోతది గద. గప్పటిదాక నడిపి ఇడిసిపెడత," అన్నాడు. "గోలీలు ఏస్కుంటున్న గద. ఫికర్ చెయ్యకు."

బండి బాగైంది కాబట్టి బేరం నిలిచింది. రసజ్ఞ మేడమ్ మొదటి రోజే సీట్లో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది.

"అంకుల్, ఇంజన్ ఆన్‌లోనే ఉందా?"

"మూడు ఫౌండేషన్లు కొత్తయి అమ్మా. ఇగ మీరు పండుకోవచ్చు."

ఆమె నిజంగానే నిద్రపోయేది. ప్రియదర్శిని మేడమ్ ఆమె తల తన భుజం మీదికి లాక్కునేది. నేను మాత్రం రోడ్డు చూడడం మానేసి నాయిన కుడికాలునే చూస్తూ కూర్చునేదాన్ని. ముందర ఎర్ర లైటు వెలిగితే నా కాలు కింద లేని బ్రేకును నేను తొక్కేదాన్ని. ఎన్నిసార్లు తొక్కానో, నాయిన కాలు ఎన్నిసార్లు నా తర్వాత లేచిందో, ఎవరికీ చెప్పలేదు.

భాద్రపదంలో ఒక సాయంత్రం కోకాపేట దాటాక వాన దంచికొట్టింది. మా ముందు సంచీ తగిలించుకుని పోతున్న డెలివరీ పిల్లగాడి బైక్ నీళ్ళలో జారి పడింది. నాయిన చూశాడు. "అరె," అన్నాడు కూడా. కాలు లేవలేదు. ఆ తర్వాత లేచింది. బండి జారుకుంటూ పోయి వాడి హెల్మెట్‌కు జానెడు దూరంలో ఆగింది.

వాడు లేచి బానెట్ మీద అరచేత్తో కొట్టాడు. "కండ్లు లేవా ముసలోడా?" అని, బైక్ లేపుకుని కుంటుకుంటూ పోయాడు. వెనక రసజ్ఞ మేడమ్ రెండు చేతులతో పొట్ట పట్టుకుని, "ఏం కాలేదు, ఏం కాలేదమ్మా," అంటున్నది. మాతో కాదు.

"బ్రేకులు తడిసినయ్," అన్నాడు నాయిన.

వాళ్ళను దింపి ఇంటికొచ్చాక బండి ఆపేశాడు కానీ దిగలేదు. నేనూ దిగలేదు. కిష్టమ్మవ్వ మేకపిల్లను వదిలింది. అది వచ్చి బంపర్ వాసన చూసి పోయింది.

"రేపు మేడమ్‌కు నేను చెప్తా నాయినా."

"ఏమని చెప్తవ్?"

డిగ్రీలో ఇట్లాంటివి చెప్పే మాటలు నేర్పరు.

"నువ్వు చెప్పకు," అన్నాడు. "నేనే చెప్త."

పొద్దున బండి తీయలేదు. అపార్ట్‌మెంట్ గేటు దాకా ఇద్దరం నడిచే పోయాం. నాయిన ఇస్త్రీ అంగీ వేసుకున్నాడు. గుండీలు అమ్మ పెట్టింది. ఎడమ చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు.

"బండి ఖరాబైందమ్మా," అన్నాడు.

"అయ్యో, మొన్ననే కదా అంకుల్ అంత బాగా చేయించారు!"

"పైకెల్లి బాగైనట్టు కనవడ్డది. లోపలిది పోయింది. మెకానిక్ గూడ చూసి చెప్పిండు, ఇగ ఆ వణుకు పోదని. నిన్న మీరు గూడ చూస్తిరి గద, బ్రేకు పడలే. మిమ్మల్ని దాంట్ల ఎక్కియ్యను నేను."

"అయితే అమ్మేయండంకుల్, కొత్తది తీసుకోండి. నేను పాపతో తిరిగొచ్చాక మళ్ళీ మీ బండే. వేరేవాళ్ళది ఎక్కను."

"అట్లనే అమ్మా."

"ఈసారి ఏసీ పనిచేసే బండి తీసుకో అంకుల్," అన్నది ప్రియదర్శిని మేడమ్. "ఇన్ని దినాలు నీ మొహం చూసి అడగలే."

నాయిన నవ్వాడు. జేబు కదులుతూనే ఉంది. వాళ్ళిద్దరూ ఆయన మొహాన్నే చూస్తున్నారు కాబట్టి అది చూడలేదు.

బతుకమ్మ పండుగ ముందర బండి అమ్మేశాం. కొన్నది బాచుపల్లి ఈశ్వరయ్య. పిల్లలను బడికి తీసుకపోయి తెచ్చే బేరం ఆయనది. బండిని అక్కడిదాకా బుల్లిబాబు నడిపాడు. వాళ్ళ అక్క ఇల్లు ప్రగతి నగర్‌లోనే, చూసి పోతానన్నాడు. నాయిన బుల్లిబాబు పక్కన కూర్చున్నాడు, నేను వెనక.

ఈశ్వరయ్య చూడ్డానికే అనుమానం మనిషి. టైర్లు తన్ని చూశాడు, డోర్లు కొట్టి చూశాడు, కిందికి వంగి చూశాడు. "ఒక చక్కర్ కొట్టొద్దాం," అని డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. బుల్లిబాబు ముందర కూర్చున్నాడు. నాయిన వెనక తలుపు తీసి, లోపలికి ఎట్ల ఎక్కాలో తెలియనట్టు ఒక నిమిషం నిలబడి, రసజ్ఞ మేడమ్ కూర్చునే చోట కూర్చున్నాడు. అన్నేళ్ళలో ఆ సీట్లో ఆయన కూర్చోవడం అదే మొదలు.

చెరువు దాకా పోయి వచ్చాం. ఈశ్వరయ్య ఇంజన్ ఆపకుండా గేర్ రాడ్ మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు. చాలాసేపు.

"పాత డీజిల్ అంటివి. రాడ్ గూడ వణుకుత లేదేంది?"

"వణకది," అన్నాడు నాయిన వెనక నుంచి. "మూడు ఫౌండేషన్లు కొత్తయి. ఈ బండిల వణుకు లేదు."

బుల్లిబాబు కిటికీ దిక్కు మొహం తిప్పుకున్నాడు.

"మరి ఎందుకు అమ్ముకుంటున్నవ్ పెద్దమనిషీ?"

"నౌకరి జేస్తది గద బిడ్డ," అని నన్ను చూపించాడు. "డిగ్రీ. ఫస్ట్ క్లాస్. ఇగ నాకు బండి ఎందుకు?"

డాష్‌బోర్డు మీది వినాయకుణ్ణి తీసుకుందామని నేనంటే నాయిన వద్దన్నాడు. పిల్లలు ఎక్కే బండి, ఉండనీ అన్నాడు.

తిరుగుదారికి సిటీ బస్సు ఎక్కాం. చివరి వరసలో సీట్లు దొరికాయి. పాత బస్సు. డ్రైవర్ ఇంజన్ నడుపుతూనే జనం కోసం ఆగాడు. కిటికీలు, కడ్డీలు, సీట్లు, కండక్టర్ చేతిలోని టికెట్ మిషన్, అన్నీ ఒకటే వణుకు. నా పళ్ళు కూడా కొట్టుకుంటున్నాయి. నాయిన జేబులోంచి ఎడమ చెయ్యి తీసి ముందు సీటు కడ్డీ మీద పెట్టాడు. కడ్డీ వణుకుతున్నది, చెయ్యి వణుకుతున్నది. ఏది ఏ వణుకో నాకే తెలియలేదు. పక్కన నిలబడ్డవాళ్ళెవరూ ఆయన దిక్కు చూడలేదు. ఆ కొన్ని నెలల్లో మొదటిసారి ఆయన భుజాలు దిగాయి.

"దీని ఫౌండేషన్లు ఎప్పుడో పోయినయ్ బిడ్డా," అన్నాడు.

"అవును నాయినా."

బస్సు కదిలింది. మా స్టాపు వచ్చేదాకా ఆ చెయ్యి కడ్డీ మీదే ఉంచాడు. స్టాపు వచ్చాక కూడా కాసేపు తీయలేదు.